దిగుమతి భాగాలతో కార్బన్ మౌంటెన్ సైకిల్ బిగించుకోవడం: శ్రీకాకుళం, విజయనగరం దారులకు సరిపడేలా

కార్బన్ సైకిల్ బిగించడంలో కష్టమంతా కొనేటప్పుడే ఉంది. ఫ్రేము, ఫోర్కు, చక్రాలు ఒకదానికొకటి కొలత కుదిరితే రెండు సాయంత్రాల్లో బండి నిలబడుతుంది. ఒక్క కొలత తప్పితే నెల పోతుంది. పెద్ద ఊళ్ళలో అయితే పక్కవీధి షాపులో అడాప్టరు దొరకొచ్చు. శ్రీకాకుళంలో రెండున్నర మిల్లీమీటర్ల స్పేసరు ఒకటి తక్కువైనా కొరియరు కోసం ఎదురుచూడాలి. విదేశం నుంచి తెప్పించిన భాగం పట్టలేదంటే దాన్ని వెనక్కి పంపే ఖర్చు ధరలో సగం దాకా తినేస్తుంది. కట్టిన సుంకం తిరిగి రాబట్టుకోవడం మామూలు కొనుగోలుదారుకి అయ్యే పని కాదు. అందుకే ఈ మార్గదర్శిలో సగం భాగం స్పానరు పట్టుకోక ముందు చేయాల్సిన పనే.

ఇక్కడ చెప్పేది వెనక షాక్ లేని 29 అంగుళాల చక్రాల సైకిల్ గురించి. తక్కువ ఖర్చులో రెండువైపులా షాక్ ఉన్న కార్బన్ ఫ్రేము కొనకండి. దాని లింకు బేరింగులు, వెనక షాకు సర్వీసు మన జిల్లాల్లో చేయించుకోలేరు. ఉద్దానం జీడితోటల ఇసుక బాటలకీ, రామతీర్థం, తాటిపూడి చుట్టుపక్కల రాళ్ళ దారులకీ, పొలం గట్లకీ ముందు ఫోర్కు 100 నుంచి 120 మి.మీ. కుదించుకుంటే చాలు. ఆ కుదింపునే ట్రావెల్ అంటారు.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఫ్రేము అమ్మేవాణ్ణి ధర అడిగే ముందు కొలతల డ్రాయింగు అడగండి. పంపనివాడి దగ్గర కొనొద్దు. ఆ డ్రాయింగులోంచి కింది అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత కొనే ప్రతి భాగాన్నీ ఆ కాగితంతో సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.

వెనక ఇరుసు 148×12 మి.మీ. ఉండాలి. దీన్నే బూస్ట్ అంటారు. 142×12 ఫ్రేములు కొంచెం చవగ్గా కనిపిస్తాయి. వాటికి సరిపడే కొత్త హబ్బులు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి కాబట్టి ఆ చవక మీకు మిగలదు. ఇరుసు ఫ్రేముతో పాటే రావాలి. దాని పొడవు, మర పిచ్ ఫ్రేముని బట్టి మారుతాయి, విడిగా వెతకడం తలనొప్పి.

ఫోర్కు దూరే ముందు గొట్టమే హెడ్ ట్యూబు. అందులో పైన ఒక బేరింగు, కింద పెద్ద బేరింగు కూర్చుంటాయి. ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది ఐఎస్42 పైన, ఐఎస్52 కింద: బేరింగు నేరుగా ఫ్రేములోనే కూర్చుంటుంది, చేత్తో పెడితే చాలు. రెండోది జెడ్ఎస్44 పైన, జెడ్ఎస్56 కింద: కప్పులు ప్రెస్ చేసి ఎక్కించాలి. ఇంట్లో బిగించుకునేవాళ్ళకి మొదటిదే హాయి. బేరింగు కొనేటప్పుడు వ్యాసంతో పాటు అంచు కోణం కూడా చూడాలి. 45 డిగ్రీల సీటులో 36 డిగ్రీల బేరింగు పెడితే బిగించినంతసేపూ గట్టిగానే ఉంటుంది, నాలుగు గుంతలు దాటాక టక్కుటక్కుమంటుంది.

ఫోర్కు ఎంత ట్రావెల్‌కి ఫ్రేము తయారైందో రాసుకోండి. 100 అని ఉన్నదానికి 120 పెడితే హెడ్ కోణం దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది, పెడల్ కొంచెం పైకి లేస్తుంది. అది తట్టుకోవచ్చు. 140 పెడితే మాత్రం హెడ్ ట్యూబు మీద పడే వంపు బలం పెరిగి, కార్బన్ పొరలు విడిపోయేది సరిగ్గా అక్కడే.

బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే బేరింగుల చోటు) దగ్గర మా మాట ఒక్కటే: మర ఉన్నదే తీసుకోండి. 73 మి.మీ. బీఎస్ఏ అని రాసి ఉంటుంది. బీబీ92 అనే ప్రెస్‌ఫిట్ రకంలో 41 మి.మీ. రంధ్రంలోకి కప్పుని నొక్కి ఎక్కిస్తారు. ఖరీదైన ఫ్రేముల్లో ఆ రంధ్రం కచ్చితంగా ఉంటుంది. చవక ఫ్రేముల్లో రెండువైపుల రంధ్రాలు ఒకే గీత మీద లేకపోతే బేరింగు వంకరగా తిరిగి తొందరగా అరుగుతుంది, తొక్కిన ప్రతిసారీ కిర్రుమంటుంది. ఆ కిర్రుకి మందు లేదు.

ముందు పళ్ళచక్రం ఎన్ని పళ్ళ వరకు పడుతుందో, చైన్‌లైన్ (ఫ్రేము మధ్య గీత నుంచి ఆ పళ్ళచక్రం దూరం) ఎంతో రాసుకోండి. బూస్ట్ ఫ్రేముకి 52 మి.మీ. చైన్‌లైన్ క్రాంకు (పెడల్ చేతుల సెట్టు) సరిపోతుంది. సీట్ పోస్టు వ్యాసం 31.6, 30.9, 27.2 మి.మీ. లలో ఒకటి ఉంటుంది. సీట్ క్లాంపు కొలత దానికి వేరు, అదీ రాయండి.

వెనక బ్రేకు మౌంటు పోస్ట్ మౌంట్ 160 అయితే ఏ చవక బ్రేకైనా నేరుగా పడుతుంది. కొత్త ఫ్రేములు కొన్ని ఫ్లాట్ మౌంట్‌తో వస్తున్నాయి, వాటికి దొరికే మౌంటెన్ బ్రేకులు తక్కువ, ఖరీదు ఎక్కువ.

డిరెయిలర్ హ్యాంగరు (వెనక గేరు మార్చే డిరెయిలర్‌ని ఫ్రేముకి తగిలించే ముక్క) యూడీహెచ్ రకం అయితే సగం దిగులు పోయినట్టే. శ్రామ్ 2019లో తెచ్చిన ఈ ఉమ్మడి కొలత హ్యాంగరు ఏ కంపెనీ ఫ్రేముకైనా ఒకటే, దేశంలోనే దొరుకుతుంది. వేరే రకమైతే ఫ్రేముతో పాటే రెండు అదనపు హ్యాంగర్లు పెట్టెలో వేయమనండి. రాయికి తగిలి హ్యాంగరు వంగేది కొన్న ఆరునెల్లకి, అప్పటికి ఆ అమ్మకందారు ఆ మోడల్ ఆపేసి ఉంటాడు.

చివరిది టైరు సందు. కాగితంలో 2.35 పడుతుందని రాసినా, టైరుకి రెండువైపులా కనీసం 6 మి.మీ. ఖాళీ ఉంటుందా అని అడగండి. వానాకాలం గరువు నేలల ఎర్రమట్టి టైరుకి ముద్దలా అంటుకుంటుంది. ఆ ముద్దలో ఇరుక్కున్న గులకరాళ్ళు చైన్‌స్టే (వెనక చక్రం పక్కన ఉండే కింది గొట్టం) లోపలి వైపుని ఆకురాయిలా గీస్తాయి. రంగు పోయాక గీకేది కార్బన్‌నే.

సైజు విషయం క్లుప్తంగా: 5 అడుగుల 5 అంగుళాల నుంచి 5 అడుగుల 9 వరకు ఎత్తున్నవాళ్ళకి మామూలుగా 17 అంగుళాల ఫ్రేము కుదురుతుంది. పొట్టివాళ్ళకి 15, పొడవైనవాళ్ళకి 19. రెండు సైజుల మధ్య పడితే చిన్నది తీసుకోండి. స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) మార్చి పొడవు పెంచుకోవచ్చు, తగ్గించుకోవడం కష్టం.

ఏది బయట నుంచి, ఏది ఇక్కడే

పనిముట్లు కాక లక్షా ఇరవై వేలు చేతిలో ఉన్నాయనుకుందాం. ఇలా పంచుకోవచ్చు: ఫ్రేము రవాణాతో కలిపి 30 వేలు, సుంకాలకి 12 వేలు పక్కన, ఫోర్కుకి 22, చక్రాలకి 18, గేర్లకి 16, బ్రేకులకి 7, టైర్లకీ సీలెంటుకీ (టైరు చిల్లులు పూడ్చే ద్రవం) 6, హ్యాండిల్, స్టెమ్, సీటు, హెడ్‌సెట్ (హెడ్ ట్యూబు బేరింగుల సెట్టు) లాంటి మిగతావాటికి 9. ధరలు మారుతుంటాయి, ఈ దామాషా మాత్రం పెద్దగా మారదు. ఫ్రేము మీద ఎక్కువ పెట్టి ఫోర్కు దగ్గర పిసినారితనం చేస్తే మాత్రం బండి తేలిగ్గా ఉంటుంది, చేతులు మాత్రం తిమ్మిరెక్కుతాయి.

ఫ్రేము బయట నుంచే రావాలి. బూస్ట్ హబ్బుల చక్రాలు కూడా బయట నుంచి తెప్పిస్తే గిట్టుబాటవుతాయి. బ్రేకులు, చైను, టైర్లు, బాటమ్ బ్రాకెట్ మన దేశంలోనే కొనండి. అరిగిపోయేవి ఇవే, మళ్ళీ మళ్ళీ కొనాల్సినవీ ఇవే.

పేరులేని కార్బన్ హ్యాండిల్‌బార్, కార్బన్ స్టెమ్ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అల్యూమినియం కొంత ముందుగా వంగి హెచ్చరిస్తుంది, నాసిరకం కార్బన్ హ్యాండిల్ చెప్పాపెట్టకుండా విరుగుతుంది. అక్కడ మిగిలే 100 గ్రాములకి ముందు పళ్ళు పందెం పెట్టక్కర్లేదు. పెద్ద కంపెనీ పేరు రాసి పదోవంతు ధరకి అమ్మే ఫ్రేములూ అంతే, అవి నకిలీవి. కస్టమ్స్ వాళ్ళు నకిలీ సరుకుని ఆపేయగలరు కూడా. దాని బదులు ఏ పేరూ లేని ఫ్రేమే నయం, సైకిళ్ళ భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 4210 పరీక్ష నివేదిక చూపించగలిగితే.

గేర్ల దగ్గర ఒక లెక్క. షిమనో డియోర్ ఎం5100 పదకొండు గేర్ల సెట్టు, 11-51 క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి), మామూలు హెచ్‌జీ ఫ్రీహబ్ (వెనక హబ్బు మీద క్యాసెట్ ఎక్కే భాగం) మీదే కూర్చుంటుంది. పన్నెండు గేర్ల ఎం6100, 10-51కి మైక్రో స్ప్లైన్ ఫ్రీహబ్ కావాలి. చక్రాలు కొనేటప్పుడు ఈ తేడా మర్చిపోయినవాళ్ళు క్యాసెట్ చేతిలో పట్టుకుని కూర్చుంటారు. మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్ పది గేర్లు, 11-48, ఇది కూడా హెచ్‌జీ మీదే. ముందు 32 పళ్ళు, వెనక 51 ఉంటే పెడల్ ఒక చుట్టుకి బండి సుమారు 1.4 మీటర్లు కదులుతుంది. వెనక 48 ఉన్నా ముందు 30 పళ్ళు వేస్తే దాదాపు అంతే. కొండ ఎక్కడానికి 51 ఉండి తీరాలన్నది భ్రమ. ఆ మూడు పళ్ళకి పెట్టే డబ్బు టైర్ల మీద పెట్టండి.

చక్రాలకి అల్యూమినియం రిమ్ము, లోపలి వెడల్పు 25 నుంచి 30 మి.మీ., 28 లేదా 32 స్పోకులు. మామూలు వంపు తల స్పోకులే కావాలి, నిటారు తల స్పోకులు మన సైకిల్ షాపుల్లో ఉండవు. కుడి, ఎడమ స్పోకుల పొడవులు వేరు. ఒక్కో పొడవులో నాలుగేసి అదనంగా తెప్పించి పెట్టుకోండి.

ఆర్డరు, సుంకం

చైనా షాపింగ్ సైటు అలీఎక్స్‌ప్రెస్‌ని మన ప్రభుత్వం 2020 నవంబరులో నిషేధించింది. అందుకే ఎక్కువమంది తయారీదార్ల సొంత వెబ్‌సైట్ల నుంచి, లేదా నేరుగా వాళ్ళ ఎగుమతి విభాగంతో మాట్లాడి కొంటున్నారు. డబ్బు కొనుగోలుదారు రక్షణ ఉన్న పద్ధతిలోనే కట్టండి. తెలియని ఖాతాకి నేరుగా బదిలీ చేయమంటే ఆగండి.

సుంకం రేట్లు బడ్జెట్‌కి బడ్జెట్‌కి మారతాయి, ఆర్డరు పెట్టే రోజున కొరియర్ కంపెనీని అడిగి తెలుసుకోవాలి. లెక్క కట్టే తీరు మాత్రం ఇది: సరుకు ధరకి రవాణా ఖర్చు, బీమా కలిపి మొత్తం విలువ కడతారు. దాని మీద కస్టమ్స్ సుంకం. ఆ సుంకం మీద సామాజిక సంక్షేమ సర్‌ఛార్జీ. ఇదంతా కలిపిన మొత్తం మీద ఐజీఎస్‌టీ. రవాణా ఖర్చు మీద కూడా పన్ను పడుతుందని చాలామందికి తెలీదు. 22 వేల ఫ్రేముకి 8 వేల రవాణా అయితే పన్ను 30 వేల మీద. దానికి కొరియర్ వాడి క్లియరెన్సు రుసుము అదనం.

ధర తక్కువ రాయిస్తాననే అమ్మకందారుని వారించండి. కస్టమ్స్ అధికారి అనుమానిస్తే పెట్టె వారాలు ఆగుతుంది, దారిలో పగిలితే పరిహారం కూడా ఆ రాసిన విలువకే. బహుమతి అని రాయించినా లాభం లేదు, ఆ మినహాయింపు 2019 డిసెంబరులో తీసేశారు. పార్సిలు మీద పేరు, కేవైసీకి ఇచ్చే ఆధార్ లేదా పాన్ మీద పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే పార్సిళ్ళు ఆగిపోతాయి.

పెట్టె వచ్చిన రోజు

విప్పేటప్పుడు మొదటి టేపు కోయడం దగ్గర్నుంచి వీడియో తీయండి. డెలివరీ అబ్బాయి ముందే పెట్టె మూలలు చూసి, నలిగి ఉంటే రసీదు మీద ఆ మాట రాయించుకోండి.

తర్వాత ఫ్రేముని కిటికీ వెలుగులో తిప్పుతూ చూడండి. ఐదు రూపాయల బిళ్ళతో గొట్టాల పొడవునా మెల్లగా తట్టండి. గట్టి కార్బన్ టక్‌మని పలుకుతుంది, పొరలు విడిపోయిన చోట డొల్లగా బొత్‌మంటుంది. అతుకుల దగ్గర మందం మారుతుంది కాబట్టి అక్కడ శబ్దం కొంత మారడం సహజం. ఎడమవైపు తట్టిన చోటే కుడివైపు కూడా తట్టి పోల్చండి. సెల్‌ఫోన్ లైటు హెడ్ ట్యూబులోంచి, బాటమ్ బ్రాకెట్ లోంచి లోపలికి వేసి చూస్తే ముడతలు, వేలాడే ప్లాస్టిక్ సంచి ముక్కలు కనిపిస్తాయి. సంచి ముక్కలు ప్రమాదం కాదు, కేబులుకి అడ్డం పడతాయంతే. లాగేయండి.

వంకర చూడటానికి దారం చాలు. ఒక వెనక డ్రాపవుట్ (ఇరుసు కూర్చునే చోటు) నుంచి దారం హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కి బిగించి కట్టండి. సీట్ ట్యూబు నుంచి రెండువైపుల దారం దూరం కొలవండి. తేడా 2 మి.మీ. దాటితే అమ్మకందారుకి ఫోటో పంపండి. బేరింగు కూర్చునే అంచుల్లో రంగు గడ్డకట్టి ఉంటే సన్న ఎమరీ కాగితంతో రంగు వరకే తీయండి, కార్బన్ తగలకూడదు. బాటమ్ బ్రాకెట్ మరలో కప్పుని చేత్తో తిప్పి చూడండి. చేత్తో నాలుగు చుట్లు వెళ్ళకపోతే మరలో రంగు ఉంది.

పనిముట్లు

ఎలన్ కీలు 2 నుంచి 8 మి.మీ., టీ25 స్టార్ కీ, క్యాసెట్ లాక్‌రింగ్ సాకెట్, బాటమ్ బ్రాకెట్ స్పానరు, చైను కట్టరు, అంగుళానికి 32 పళ్ళ హెక్సా బ్లేడు, ఆకురాయి, బ్రేకులో నూనె నింపి గాలి తీసే సిరంజి ఉన్న బ్లీడింగ్ కిట్టు. వీటన్నిటికన్నా ముఖ్యం 2 నుంచి 24 న్యూటన్ మీటర్ల టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానరు. చేతి అంచనా ఇనప సైకిల్‌కి పనికొస్తుంది, కార్బన్‌కి పనికిరాదు. 24 దాటే బిగింపులకి పెద్ద టార్క్ రెంచ్ కారు మెకానిక్ దగ్గర ఉంటుంది, ఒక గంట అడిగి తెచ్చుకోవచ్చు. గ్రీజు డబ్బా ఒకటి, కార్బన్ పేస్టు (జారకుండా పట్టుకునే గరుకు పేస్టు) ఒకటి. స్టాండు లేకపోతే సీట్ పోస్టుకి తాడు కట్టి దూలానికి వేలాడదీయండి. ఫ్రేము గొట్టాన్ని మాత్రం ఏ క్లాంపులోనూ బిగించొద్దు. గొట్టం అడ్డంగా నొక్కితే నలుగుతుంది.

బిగింపు

కేబులూ వెనక బ్రేకు గొట్టమూ మొదట. అవి ఫ్రేము లోపల నుంచి వెళ్తాయి. ఫోర్కు, బాటమ్ బ్రాకెట్ పెట్టేశాక వేలు దూరే చోటు ఉండదు. పాత గేరు కేబులుని ముందు దూర్చి, దాని కొసకి కొత్త గొట్టాన్ని టేపుతో చుట్టి లాగండి. గొట్టానికి స్పాంజి తొడుగు వేయకపోతే రాళ్ళ మీద ఫ్రేము డబ్బాలా మోగుతుంది.

తర్వాత హెడ్‌సెట్. బేరింగులకి గ్రీజు పలచగా పూసి కూర్చోపెట్టండి. క్రౌన్ రేసుని (కింది బేరింగు ఆనుకునే రింగు) ఫోర్కు మీదకి ఎక్కించి, ఫోర్కుని దూర్చి, పై బేరింగు, మూత, స్పేసర్లు, స్టెమ్ వరసగా పెట్టండి. మొదటిసారి స్పేసర్లు ఎక్కువే వేసి తొక్కి చూడండి, వారం తర్వాత కోయండి. ఎక్కువ పొడవు మళ్ళీ కోయొచ్చు, తక్కువైతే ఫోర్కే పోతుంది. స్టెమ్ పై అంచు నుంచి 3 మి.మీ. కిందికి గీత గీసి కోయాలి. ఆ 3 మి.మీ. ఖాళీ లేకపోతే పై మూత స్టెమ్‌ని కాక ఫోర్కు గొట్టాన్ని నొక్కుతుంది, బేరింగు ఎప్పటికీ బిగుసుకోదు. చవక ఫోర్కుల గొట్టం అల్యూమినియమే కాబట్టి హెక్సా బ్లేడు చాలు. గీత వెంట పాత స్టెమ్ ఒకటి బిగించి దాన్నే ఆనవాలుగా పెట్టుకుంటే కోత వంకరపోదు. రజను ఆకురాయితో తీసి, స్టార్ నట్టుని (పై మూత బోల్టు పట్టే మర ముక్క) 15 మి.మీ. లోతుకి నిటారుగా దించండి.

పై మూత బోల్టు బలం కోసం కాదు, ఆట తీయడానికే. ముందు బ్రేకు నొక్కి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. కింద బేరింగు దగ్గర వేలు పెడితే కదలిక తెలుస్తుంది. కదలిక పోయి హ్యాండిల్ తేలిగ్గా తిరిగేచోట ఆపి, స్టెమ్ పక్క బోల్టులు 5 న్యూటన్ మీటర్లకి బిగించండి. స్టెమ్ మీద వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి.

బాటమ్ బ్రాకెట్. కుడివైపు కప్పు ఎడమ మర, అంటే ఎడమకి తిప్పితే బిగుస్తుంది. షిమనో హోలోటెక్ కప్పులకి 73 మి.మీ. ఫ్రేములో కుడివైపు ఒక 2.5 మి.మీ. స్పేసరు వేయాలి. మరలకి గ్రీజు బాగా పట్టించి 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య బిగించండి. క్రాంకు దూర్చాక ఎడమ మూతని ప్లాస్టిక్ పనిముట్టుతో వేళ్ళ బలం వరకే తిప్పి, పక్క బోల్టులు రెండిటినీ మార్చి మార్చి 12 నుంచి 14 న్యూటన్ మీటర్లకి తీసుకురండి. పెడళ్ళలో ఎడమది ఎడమ మర. చేత్తో నాలుగు చుట్లు తిరగని పెడల్‌కి స్పానరు వేస్తే క్రాంకు మర పోయినట్టే.

యూడీహెచ్ హ్యాంగరు బోల్టు కూడా ఎడమ మరే, 25 న్యూటన్ మీటర్లు. ఇది తెలియక కుడికి తిప్పి బలం చూపించి బోల్టు తల చెడగొడతారు.

చక్రాల దగ్గర తొందరపడకండి. మన దారుల్లో ట్యూబుతో తొక్కితే చిల్లకంప ముల్లు, తుమ్మముల్లు, పల్లేరుకాయ రోజుకొక పంక్చరు పెడతాయి. ట్యూబ్‌లెస్ తప్పదు. రిమ్ము లోపలి వెడల్పుకన్నా 2, 3 మి.మీ. ఎక్కువ వెడల్పున్న టేపు తీసుకోండి. రిమ్ముని స్పిరిట్‌తో తుడిచి, టేపుని గట్టిగా లాగుతూ రెండు చుట్లు వేయండి. టేపు కింద గాలి బుడగ ఉంటే గుడ్డతో రుద్ది తీసేయండి, సీలెంటు దూరేది అక్కడే. వాల్వు పెట్టి, టైరు అంచులకి సబ్బునీళ్ళు రాసి, ఒక్కసారిగా గాలి కొట్టాలి. చేతి పంపుతో కావడం కష్టం. పంక్చరు షాపు కంప్రెసరుకి ప్రెస్టా వాల్వు (సైకిల్ రిమ్ముల సన్నటి వాల్వు) అడాప్టరు తీసుకెళ్ళండి, చిన్న ముక్క అది, మర్చిపోతే అంతదూరం వృథా. అంచులు టపటపమని కూర్చున్నాక గాలి వదిలి, వాల్వు కోర్ (లోపలి పుల్ల) తీసి, వాల్వు లోంచి 100 మి.లీ. సీలెంటు పోసి, కోర్ బిగించి, మళ్ళీ కొట్టి, చక్రాన్ని నాలుగు వైపులా పడుకోబెట్టి తిప్పండి.

70 కిలోల మనిషికి 2.35 టైరులో ముందు 20 నుంచి 22, వెనక 23 నుంచి 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. కవిటి, సోంపేట వైపు కొబ్బరి తోటల ఇసుకలో ఇంకో 2, 3 తగ్గించుకోవచ్చు. రాళ్ళ దారికి తిరిగొచ్చాక మళ్ళీ నింపండి, లేకపోతే రిమ్ము అంచు రాయికి కొట్టుకుంటుంది.

క్యాసెట్ లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్లు. మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్ లాక్ డిస్కులకీ 40. ఆరు బోల్టుల డిస్కయితే టీ25తో నక్షత్రం వరసలో, మెల్లగా, కంపెనీ చెప్పిన అంకె వరకే.

బ్రేకులు. షిమనో ఎంటీ200 చవకైన పనిమంతురాలు, రెజిన్ ప్యాడ్లతోనే వాడాలి. మోటారు సైకిళ్ళ అలవాటు మనది, ముందు బ్రేకు కుడిచేతికి ఉండాలి. విదేశీ సెట్లలో కొన్ని తిరగేసి వస్తాయి. లీవరు ఎడమ, కుడి వేరు, గొట్టం పొడవూ వేరు. కొనేటప్పుడే కుడి లీవరుకి పొట్టి గొట్టం అని చెప్పండి. గొట్టాన్ని ఫ్రేములోంచి లాగడానికి విప్పితే దాని ఆలివ్ (కొసని నలిగి పట్టుకునే చిన్న రింగు), లోపలి పిన్ను కొత్తవి వేయాలి. పాతవి ఒకసారి నలిగాక మళ్ళీ పట్టవు, నూనె కారుతుంది.

షిమనో బ్రేకులో పోసేది మినరల్ ఆయిల్. మోటారు సైకిల్ షాపులో దొరికే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పోయొద్దు. అది ఈ బ్రేకులోని రబ్బరు సీళ్ళని ఉబ్బిస్తుంది. మొదటి రోజు బాగానే పట్టినట్టుంటుంది, కొన్నాళ్ళకి లీవరు వెనక్కి రాదు. అర్జెంటుగా నూనె కావాలని మెకానిక్ అన్నని అడిగితే ఆయన మంచి మనసుతో ఇచ్చేది అదే.

కాలిపర్ (డిస్కుని నొక్కే భాగం) బోల్టులు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. ఆ బోల్టులు వదులుగా ఉంచి, లీవరు నొక్కి పట్టి బిగిస్తే డిస్కుకి మధ్యలో కుదురుతుంది. ఆపైన 20 సార్లు బండిని వేగంగా తొక్కి నడక వేగం వరకు బ్రేకు వేయండి. అప్పటిదాకా బ్రేకు బలహీనంగానే ఉంటుంది, కంగారు వద్దు.

గేర్ల సర్దుబాటుకి ప్రతి సెట్టుతో కాగితం వస్తుంది, అదే పాటించండి. రెండు మాటలు మాత్రం. చైనుని ముందు పళ్ళచక్రం, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీద చుట్టి, కాగితంలో చెప్పినన్ని లింకులు కలిపాకే కత్తిరించండి. పొట్టి చైనుతో పెద్ద గేరు వేస్తే డిరెయిలర్, హ్యాంగరు రెండూ విరిగిపోతాయి. వెనక పెద్ద పళ్ళచక్రం మీదకి చైను సరిగా ఎక్కకపోతే కేబులు బిగింపు కన్నా ముందు హ్యాంగరు వంకర చూడండి. కొత్త ఫ్రేముల్లోనూ హ్యాంగరు వంగి రావడం ఉంది.

చివర సీట్ పోస్టు. గ్రీజు కాదు, కార్బన్ పేస్టు. గ్రీజు రాస్తే పోస్టు జారుతుంది, జారుతోందని ఇంకా బిగిస్తారు, సీట్ ట్యూబు చీలుతుంది. పేస్టు రాస్తే 5 న్యూటన్ మీటర్లకే పట్టుకుంటుంది. పోస్టు కనీసం 100 మి.మీ. లోపల ఉండాలి, దాని చివర టాప్ ట్యూబు అతుకు కన్నా కిందికి దిగాలి.

మొదటి 50 కిలోమీటర్లు, ఆ తర్వాత

మొదటి రోజు చదునైన గ్రావెల్ రోడ్డు మీదే తొక్కండి. స్పోకులు సర్దుకుంటూ టింగుమంటాయి. ఇంటికొచ్చాక చైన్‌స్టేకి జిప్ టై కట్టి, దాని కొసని రిమ్ముకి ఆనించి తిప్పితే బెండు ఎంతుందో కనిపిస్తుంది. ఒక మి.మీ. దాటితే తీయించాలి. మామూలు సైకిల్ షాపులో చక్రం బెండు తీసేవాళ్ళు ఇది బాగానే చేస్తారు, సీలెంటు ఉందని, టైరు విప్పొద్దని ముందే చెప్పండి. 50 కిలోమీటర్లకి స్టెమ్, క్రాంకు, డిస్కు, కాలిపర్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడండి.

చైన్‌స్టే లోపలి వైపు, డౌన్ ట్యూబు కింద మందపాటి పారదర్శక టేపు ఇప్పుడే అంటించండి. ఒక వానాకాలం గడిచాక అంటిస్తే కింద గీతలు దాచిపెట్టడానికే అవుతుంది.

కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి తీరం దగ్గర తొక్కేవాళ్ళకి ఇంకో శత్రువు ఉప్పుగాలి. కార్బన్ తుప్పు పట్టదు కానీ, దానికి ఆనుకున్న అల్యూమినియాన్ని ఉప్పు తేమ తినేస్తుంది. కార్బన్ విద్యుత్తుని ప్రవహింపజేస్తుంది కాబట్టి రెండిటి మధ్యా చిన్న బ్యాటరీ లాంటిది ఏర్పడుతుంది, అల్యూమినియం తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది. అల్యూమినియం సీట్ పోస్టు ఏడాది కదపకుండా వదిలేస్తే ఫ్రేములోనే అతుక్కుపోతుంది. నెలకోసారి పోస్టు తీసి తుడిచి, కొత్త పేస్టు రాసి పెట్టండి. సముద్రం ఒడ్డున తొక్కిన రోజు మంచినీళ్ళు పారించి కడగండి. ప్రెషర్ వాషర్‌తో బేరింగుల మీద కొట్టొద్దు.

సీలెంటు మన ఎండలకి రెండు, మూడు నెలల్లో ఎండిపోతుంది. చక్రం ఊపితే లోపల గలగలమనకపోతే 50 మి.లీ. పోయండి.

బండి పడినప్పుడు రంగు మీద గీతని వేలి గోరుతో తడమండి. గోరు ఆగకపోతే రంగే పోయింది. గోరు ఆగితే చుట్టూ బిళ్ళతో తట్టి, బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోయినా, బిళ్ళ శబ్దం డొల్లగా వచ్చినా తొక్కడం ఆపి, కార్బన్ అతుకు తెలిసినవాళ్ళకి పంపండి. గొట్టం మధ్యలో పగులు అతుకుతారు. హెడ్ ట్యూబు, బాటమ్ బ్రాకెట్ చుట్టూ పగిలితే ఫ్రేము మార్చండి, మిగతా భాగాలన్నీ కొత్త ఫ్రేము మీదకి ఎక్కుతాయి, ఆ కాగితం మీద అంకెలు ఇంకా మీ దగ్గరుంటే.